పొద్దుగాల పిల్లల కడుపుల ఏం పడుతున్నది?

మాది ఊర్ల కిరాణ దుకాణం. డిగ్రీ అయినంక రెండేండ్లు పట్నంల తిరిగిన. కొలువు దొరకలే. మళ్ల ఊరికే వచ్చి బాపుతోని దుకాణంల కూసుంటున్న. పొద్దుగాల ఆరున్నరకు షెట్టర్ లేపుత. ఏడింటి నుంచి బడి గంట కొట్టేదాక నా గిరాకీ సగం పిల్లలే. చేతుల అయిదు రూపాయల బిళ్ల, కాకుంటె పది రూపాయల నోటు. ఒకడు బిస్కెట్ పాకెట్ అంటడు, ఒకతి కుర్‌కురే లెక్కటి పాకెట్ అంటది, ఇంకొకడు బన్ను అంటడు. కొందరు సంచి భుజానికి ఏసుకునే వస్తరు, ఆడనే చింపుకొని తినుకుంట బడికి పోతరు.

ఏ ఇంటి పిల్లలు పొద్దుగాల ఏం తింటున్నరో బడి సారు కంటె, ఆశా అక్క కంటె నాకే ఎక్కువ ఎరుక. ఎందుకంటె అమ్మేది నేనే. అందుకే ఈ ముచ్చట నేను రాయాలె అనిపిచ్చింది. వేరేటోళ్లను తిట్టనీకి గాదు. నా దుకాణం కాడి నుంచే మొదలుపెడుత.

పోయిన పత్తి ఏరుడు కాలంల ఒక రోజు బడి నుంచి ఫోన్ వచ్చింది. మా అక్కను ఊర్లనే ఇచ్చినం. ఆమె బిడ్డ, నా మేనకోడలు, ఒకటో తరగతి. ప్రేయర్ల నిలబడి నిలబడి కండ్లు తిరిగి పడ్డదట. నేను బండి మీద ఉరికిన. సారు నీళ్లు తాపిచ్చి నీడకు పండవెట్టిండు. దవాఖానకు తీస్కపోతె రక్త పరీక్ష చేసిండ్రు. హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. ఆ వయసు పిల్లలకు 11.5 అన్న ఉండాలె. "పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?" అని నర్సమ్మ అడిగింది. పిల్ల నా దిక్కు చూసి చెప్పింది, "మామ దుకాణంల బిస్కెట్లు."

ఆ మాట నాకు ఇయ్యాల్టికీ మనసుల గుచ్చుకొనే ఉన్నది.

ఖాళీ కడుపుతోని ఏమైతది?

పిల్లలు రాత్రి ఎనిమిదింటికి తిని పంటరు అనుకుందాం. తెల్లారి ఏమీ తినకుంట బడికి పోతె, మళ్ల బువ్వ కడుపుల పడేది మధ్యాహ్న భోజనం కాడనే. అంటె పదహారు గంటలు. మనం పెద్దోళ్లం, ఎట్లనో తట్టుకుంటం. పిల్లలకు అట్ల గాదు.

మనం తిన్నదాంట్ల నుంచి వచ్చే గ్లూకోజ్‌ను కార్జం కొంత దాసిపెడుతది. రాత్రి మనం నిద్రల ఉన్నప్పుడు ఆ దాసిపెట్టిందే మెదడుకు అందిస్తది. పిల్లల కార్జం చిన్నది, దాసుకునేది తక్కువ. మెదడు మాత్రం పెద్దోళ్ల కంటె ఎక్కువ లాగుతది. నాలుగైదేండ్ల వయసుల మెదడు గ్లూకోజ్ వాడకం అన్ని వయసుల కంటె ఎక్కువ. అందుకే పొద్దుగాల తినని పిల్ల పదింటికల్ల సుస్తయితది. బోర్డు మీద లెక్క కనవడుతది గని బుర్రకెక్కది. సారేమో "వీనికి చదువు మీద ధ్యాస లేదు" అంటడు. ధ్యాస యాడికెల్లి వస్తది? కడుపుల ఏమన్న ఉంటె గదా.

"మధ్యాహ్నం బడిల బువ్వ పెడుతున్నరు గదా" అని చానమంది అంటరు. పెడుతున్నరు, మంచిదే. గని లెక్కలు, చదువుడు, రాసుడు లాంటి కష్టమైన పాఠాలు చెప్పేది పొద్దుగాలనే. అప్పటికి బువ్వ రాదు. 2020ల వచ్చిన జాతీయ విద్యా విధానంల సుత ఇదే మాట రాసిండ్రు. పొద్దుగాల మంచి నాష్టా తిన్నంక ఆ గంటలల్ల కష్టమైన పాఠాలు బాగ ఎక్కుతయని, మధ్యాహ్న భోజనంతోని పాటు నాష్టా సుత పెట్టాలని.

ఇంకో లెక్క చూడుండ్రి. 2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణల ఆరు నెలల నుంచి అయిదేండ్ల లోపు పిల్లలల్ల నూటికి 70 మందికి రక్తం తక్కువున్నది. ఆంధ్రల నూటికి 63 మందికి. అయిదేండ్ల లోపు పిల్లలల్ల వయసుకు తగ్గ ఎత్తు లేనోళ్లు తెలంగాణల నూటికి 33 మంది, ఆంధ్రల 31 మంది. మా మేనకోడలు ఒక్కతే గాదన్నట్టు. మీ వాడకట్టుల పది మంది చిన్న పిల్లలుంటె అండ్ల ఆరేడుగురు గిట్లనే ఉన్నరనుకోండ్రి.

పాకెట్ వెనుక రాసింది చదివిన

దవాఖాన నుంచి వచ్చిన రాత్రి దుకాణంల కూసొని, నేను రోజూ అమ్మే పాకెట్లు ఒక్కొక్కటి తిప్పి చూసిన. ఇన్నేండ్ల సంది అమ్ముతున్న గని ధర, తారీఖు తప్ప ఏమీ చదువలే.

మీరు సుత ఒకసారి చూడుండ్రి. పాకెట్ మీద పదార్థాలు ఏ వరుసల రాస్తరంటె, ఏది ఎక్కువుంటె అది ముందు. మా దుకాణంల బాగ పోయే బిస్కెట్ పాకెట్ మీద మొదటి పేరు మైదా. తర్వాత చక్కెర. తర్వాత పామాయిల్. ముందట బొమ్మల పాలు, గోధుమ కంకులు మెరుస్తుంటయి. వెనుక రాసిన వరుసల అవి యాడనో అడుగున ఉంటయి, లేకుంటె ఉండనే ఉండయి.

వంద గ్రాములకు చక్కెర దగ్గర దగ్గర 25 గ్రాములు. పిల్ల 50 గ్రాముల బిస్కెట్లు తింటె 12 గ్రాములు దాటుతది, అంటె మూడు చెంచాలు. చాయ్‌ల ముంచుకొని తింటరు గదా, చాయ్‌ల ఇంకో రెండు చెంచాలు. మొత్తం 20 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏమంటదంటె, మనం పైనుంచి కలుపుకునే చక్కెర రోజు మొత్తం తిండి శక్తిల పదో వంతు దాటొద్దు, ఇరవయ్యో వంతు లోపల ఉంటె ఇంకా మంచిది. ఆరేండ్ల పిల్లకు లెక్కేస్తె పదో వంతు అంటె 34 గ్రాముల కాడ ఉంటది. అండ్ల సగం కంటె ఎక్కువ బడికి పోకముందే అయిపాయె.

చక్కెర జల్దీ రక్తంల కలుస్తది, జల్దీ దిగుతది. ఎనిమిదింటికి తిన్న పిల్లకు పదింటికి మళ్ల ఆకలి. ఒంటికి కావాల్సిన మాంసకృత్తులు, ఇనుము, కాల్షియం మాత్రం అందవు.

చాయ్‌తోని ఇంకో తిప్పల ఉన్నది. తేయాకుల ఉండే పదార్థాలు తిండిల ఉన్న ఇనుమును ఒంటికి పట్టనియ్యవు. రక్తం తక్కువున్న పిల్లకు పొద్దుగాల చాయ్ పోసుడంటె బొక్కపడ్డ బిందెల నీళ్లు పోసినట్టే. చిన్న పిల్లలకు చాయ్ అవసరమే లేదు.

డబ్బాలల్ల వచ్చే చాక్లెట్ పొడులు సుత అడుగుతరు. "పిల్లలు పొడుగు పెరుగుతరట గదా" అంటరు. 2024 ఏప్రిల్‌ల కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ల అమ్మే కంపెనీలకు ఒక మాట చెప్పింది: ఇసొంటి వాటిని 'హెల్త్ డ్రింక్' పేరు కింద పెట్టి అమ్మొద్దు, మన ఆహార చట్టంల ఆ పేరుకు అర్థమే లేదు అని. మూడు నాలుగు వందలు పెట్టి డబ్బా కొనుక్కపోయే కూలి తల్లిని చూస్తె నాకిప్పుడు మనసుల కలుక్కుమంటది. ఆ పైసలకు యాభై కోడిగుడ్లు వస్తయి.

తల్లులదే తప్పా?

నాకు కొంచెం ఎరుకయిందో లేదో, జోరు మీద సలహాలు మొదలుపెట్టిన. ఒక రోజు పొద్దుగాల పాకెట్ల కోసం వచ్చిన ఒక అక్కతోని "అక్కా, పిల్లలకు ఇవి పెట్టకు, ఒంటికి మంచియి గావు, ఇంట్ల వండిపెట్టు" అన్న. ఆమె చేతుల సద్ది గిన్నె, నెత్తికి తువ్వాల. నా దిక్కు చూసి అన్నది, "తమ్మీ, ఆరున్నరకు ఆటో వస్తది. మిర్చి తెంపనీకి పక్క మండలం పోవాలె. నాలుగింటికి లేసి అన్నం, కూర వండి మధ్యాహ్నానికి కట్టుకున్న. మా ఆయన ఇంకా పన్నడు. నువ్వొచ్చి నాష్టా చేసిపెడ్తవా?"

నోరు మూసుకున్న. ఆమె చెప్పింది నిజం. ఊర్ల పొద్దటి పూట పని అంత ఆడోళ్ల మీదనే ఉన్నది. వాకిలి ఊడ్చుడు, నీళ్లు పట్టుడు, వంట, గేదె పాలు, కూలికి పోవుడు. అయిదు రూపాయల బిస్కెట్ పాకెట్ ఆమెకు తిండి గాదు, పావు గంట సమయం. ఆ పావు గంట ఎవరిస్తరు అన్నదే అసలు ముచ్చట. పోషకాహారం మీద ఎన్ని పాఠాలు చెప్పినా, ఈ పావు గంట సంగతి తేల్చకుంటె ఆ పాఠాలన్నీ గాలికే పోతయి.

అందుకే తల్లికి నీతులు చెప్పుడు బంద్ పెట్టిన. రెండు సంగతులు ఆలోచన చేసిన. ఒకటి, తెల్లారి పొయ్యి ముట్టియ్యకుంట రాత్రే తయారయ్యే తిండి ఏమున్నది? రెండు, ఇంట్ల ఇంకెవరు చేస్తరు?

మన సద్ది మనం మర్చిపోయినం

మొదటిదానికి జవాబు మా అవ్వ కాడ దొరికింది. "మా కాలంల పొద్దుగాల ఎవలు వండిండ్రురా? రాత్రిదే సద్ది. జొన్న గట్కల సల్ల పోసుకొని, ఉల్లిగడ్డ కొరుక్కొని పొలం పోయేటోళ్లం" అన్నది.

మన బతుకమ్మనే చూడుండ్రి. తొమ్మిది రోజుల పేర్లల్ల సగం తిండి పేర్లే. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ, ఆఖరుకు సద్దుల బతుకమ్మ. మలీద ముద్దలు, నువ్వుల సద్ది, పల్లి సద్ది. పండుగ పేరుతోని ఏడాదికోసారి చేసుకుంటున్నం గని అవి ఒకప్పుడు మన రోజువారీ బలం.

జొన్న, సజ్జ, తైదలు మన ఇండ్లల్ల నుంచి ఎట్ల పోయినయి? 1983ల రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. పేదోని కంచంల తెల్లబువ్వ పడ్డది, ఆకలి తగ్గింది, అది చిన్న సంగతి గాదు. తర్వాత బోర్లు వచ్చినయి, వరి పెరిగింది, మెట్ట చేన్లల్ల పత్తి వచ్చింది. జొన్న చేను కనవడకుంట పోయింది. 2025 నుంచి రేషన్ల మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు. బియ్యం మంచిగున్నయి, సంతోషం. గని ఒక్క బియ్యంతోనే పిల్లలు పెరుగరు. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్ సంఘాల ఆడోళ్లు జొన్న, సజ్జ, కొర్ర ఇత్తనాలను ఏండ్ల సంది కాపాడుకుంట వచ్చిండ్రు. అందరు ఇడిసిపెట్టినప్పుడు వాళ్లు ఇడువలే. ఇయ్యాల పట్నం హోటళ్లల్ల ఆ జొన్నరొట్టెకే వరుస కడుతున్నరు.

హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వేసిన లెక్కల ప్రకారం, వంద గ్రాముల తైదలల్ల కాల్షియం 364 మిల్లీగ్రాములు. బియ్యంల పది కూడా ఉండదు. ఇనుము సజ్జలల్ల 6 మిల్లీగ్రాములు దాటుతది, పాలిష్ బియ్యంల ఒకటి కూడా లేదు. గుప్పెడు తైదల పిండి, అంటె 30 గ్రాములు, జావ కాస్తె నూరు మిల్లీగ్రాముల పైన కాల్షియం. నాలుగు నుంచి ఆరేండ్ల పిల్లకు రోజుకు కావాల్సింది 550. అంటె అయిదో వంతు ఒక్క గ్లాసు జావలనే వచ్చె. ఖర్చు రెండు రూపాయలు గాదు.

మూడు ముచ్చట్లు యాదుంచుకుంటె సాలు

పొద్దటి తిండిల మూడు ఉండాలె. ఒకటి, బలమిచ్చేది: బువ్వ, రొట్టె, జావ, అటుకులు. రెండు, ఒళ్లు పెంచేది: పప్పు, గుడాలు, పల్లీలు, కోడిగుడ్డు, పాలు, పెరుగు. మూడు, పండో, ఆకో, నిమ్మరసమో. ఈ మూడోది చిన్నగ కనవడుతది గని దానితోనే మతలబు ఉన్నది. జామ, ఉసిరి, నిమ్మల ఉండే సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తది. చాయ్ చేసేదానికి ఉల్టా అన్నట్టు.

రాత్రే తయారు చేసి పెట్టుకునేటియి, నేను మా అక్క ఇంట్ల చూసినయి చెప్తున్న:

సోమవారం తైదల అంబలి. రాత్రి పిండిని నీళ్లల్ల నానవెట్టాలె, తెల్లారి పది నిమిషాలు కాచి, సల్లారినంక సల్ల కలుపాలె. పక్కన దంచిన పల్లీలు.

మంగళారం మలీద. రాత్రి మిగిలిన జొన్నరొట్టెనో, సపాతినో చేతులతోని నలిపి, కొంచెం బెల్లం, పల్లి పొడి, నువ్వుల పొడి కలుపుడే. పొయ్యితోని పని లేదు.

బుధవారం సద్ది బువ్వ. రాత్రి మిగిలిన బువ్వల నీళ్లు, కొంచెం పెరుగు ఏసి మూత పెట్టాలె. తెల్లారి ఉల్లిగడ్డ, ఉప్పు. రాత్రి వంట కాడనే ఒక కోడిగుడ్డు ఉడుకవెట్టి ఉంచితె తోడయితది. ఎండకాలం మాత్రం సద్ది జల్దీ పాడయితది. వాసన మారిందంటె పారబొయ్యాలె, పిల్లలకు పెట్టొద్దు.

బేస్తారం గుడాలు. పెసర్లు, బొబ్బర్లు, శనిగలు ఏవన్న సరే. ముందురోజు పొద్దుగాల నానవోస్తె రాత్రి ఉడుకవెట్టొచ్చు. నానవెడితె, మొలక కట్టిస్తె అండ్ల ఉన్న ఇనుము ఒంటికి ఇంకా బాగ పడుతది. తెల్లారి వేడి చేసి, ఉల్లిగడ్డ, ఉప్పు, నిమ్మకాయ.

శుక్రారం అటుకులు. నీళ్లల్ల కడిగి పిండి, ఏంచిన పల్లీలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. పదేండ్ల పిల్ల సుత చేసుకోవచ్చు.

శనివారం పెసరట్టు, లేకుంటె పల్లీలు బాగ ఏసిన గోధుమరవ్వ ఉప్మా.

ఒక జాగ్రత్త. అయిదేండ్ల లోపు పిల్లలకు పల్లీలు గింజలు గింజలు ఇయ్యొద్దు. గొంతుల అడ్డం పడితె పానం మీదికి వస్తది. దంచి గని, పొడి చేసి గని పెట్టాలె. రెండేండ్ల పిల్లలకు గుడాలు మెత్తగ పిసికి పెట్టాలె.

ధర ముచ్చటకొస్తె, 25 గ్రాముల పల్లీలు నాలుగు రూపాయలు పడుతయి, మాంసకృత్తులు ఆరు గ్రాములు. కోడిగుడ్డు ఆరేడు రూపాయలు, అండ్ల సుత ఆరు గ్రాములు. 50 గ్రాముల బిస్కెట్లల్ల మూడున్నర. ఆరేండ్ల పిల్లకు రోజుకు కావాల్సింది 16 గ్రాములు. అంటె మంచి తిండి పెట్టనీకి పైసలే అడ్డం గాదు. అడ్డం తెల్వకపోవుడు, తీరిక లేకపోవుడు.

మూడేండ్ల లోపు పిల్లలుంటె అంగన్‌వాడీల బాలామృతం పాకెట్ ఇస్తరు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన పొడి. రెండున్నర కిలోల పాకెట్. అది ఆ పిల్ల కోసమే. ఇంటిల్లిపాది లడ్డూలు చేసుకొని తింటున్న ఇండ్లు నాకెరుక.

రక్తం తక్కువుంటె తిండి ఒక్కటే సాలదు

ఇది గట్టిగ చెప్తున్న. మా మేనకోడలికి అంబలి తాపుడుతోని ఊకోలే. దవాఖానల ఇచ్చిన ఇనుము మందు మూడు నెలలు ఏసినం. నులి పురుగులకు గోళీ ఏసినం. కడుపుల పురుగులుంటె తిన్నది ఒంటికి పట్టది. సర్కారు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 10, ఆగస్టు 10న బళ్లల్ల, అంగన్‌వాడీలల్ల నులి పురుగుల గోళీ ఇస్తది. అయిదు నుంచి తొమ్మిదేండ్ల పిల్లలకు వారానికొక గులాబి రంగు ఇనుము గోళీ, పది దాటినోళ్లకు నీలం గోళీ. చాన ఇండ్లల్ల "పిల్లకు కడుపుల తిప్పుతదట" అని పారేస్తున్నరు. ఖాళీ కడుపున ఏస్తె తిప్పుతది నిజమే. తిన్నంక ఏస్తె ఏం గాదు. చూసిండ్రా, ఈడ సుత పొద్దటి బువ్వనే కావాలె.

మూడు నెలలకు మళ్ల పరీక్ష చేపిస్తె 10.8 వచ్చింది. ఇంకా ఎక్కాలె. మందు పని చేసిందా, తిండి పని చేసిందా అంటె రెండూ. ఒకటి ఇడిసి ఒకటి గాదు.

పిల్లలకు ఎట్ల చెప్పాలె?

బడి సారు ఒక ఉపాయం చేసిండు. రోజూ పొద్దుగాల "ఇయ్యాల ఏం తిన్నవ్?" అని అడిగి గోడ మీద చార్టుల రాసుడు. నేను సుత బాగుందన్న. వారం గడిచినంక చూస్తె పిల్లలందరు ఇడ్లీ, దోశ, పూరి తింటున్నరు! ఒక పిల్లగాడైతె నా దుకాణంల పాకెట్ కొనుక్కొని పోయి, బడిల "ఇడ్లీ సార్" అని చెప్పిండు. ఏమీ తినని పిల్లకు ఏమీ తినలేదని చెప్పుడు సిగ్గు. మనం మంచి అనుకున్నది వాళ్లకు అవమానం అయింది. ఆ చార్టు తీసేసినం.

తర్వాత వేరే పని చేసినం. ప్రతి పిల్ల ఇంటి నుంచి గుప్పెడు గింజలు తేవాలె. పెసర్లు, బొబ్బర్లు, శనిగలు, ఏవుంటె అవి. ఏ గింజ పేరేందో అవ్వను అడిగి రావాలె. బడిలనే గిన్నెలల్ల నానవెట్టిండ్రు, తడి బట్టల కట్టిండ్రు. తెల్లారి మొలకలు చూసి ఎగిరిండ్రు. తాము మొలిపిచ్చిన గింజలు గదా, ఉడుకవెట్టి నిమ్మకాయ పిండితె ఒక్కటి ఇడువకుంట తిన్నరు. ఇంట్ల "వద్దు" అని మూతి తిప్పేటోళ్లే. ఆ రోజు సాయంత్రం ఇద్దరు ముగ్గురు తల్లులు దుకాణానికి వచ్చి, "మా పోరడు పెసర్లు కొనమని పాణం తీస్తుండు, పావు కిలో ఇయ్యి" అన్నరు. నేను నెల రోజులు మొత్తుకున్నా కాని పని పిల్లలు ఒక్క రోజుల చేసిండ్రు.

చిన్న పిల్లలకు కాల్షియం, ప్రోటీన్ అని చెప్తె ఎక్కది. చేతులు పెట్టనియ్యాలె. నానవెట్టనియ్యాలె, నలపనియ్యాలె, కలపనియ్యాలె. మనం వాళ్ల పక్కన కూసొని అదే తినాలె. మనం చాయ్ బిస్కెట్ తినుకుంట పిల్లను అంబలి తాగమంటె తాగది.

దుకాణంల ఏం చేసిన?

బాపుతోని పంచాయితి అయింది. పాకెట్ల దండలు గల్లా ముందట నుంచి తీసి వెనుక అరల పెట్టిన. ముందట పల్లీలు, పుట్నాలు, అరటిపండ్లు, జామపండ్లు పెట్టిన. "దుకాణం పెట్టుకున్నది అమ్మనీకా, వద్దని చెప్పనీకా?" అని బాపు గరమైండు. నిజమే, మాకు వేరే ఆధారం లేదు. అయిదు రూపాయల పాకెట్ల మిగిలేది అర్ధ రూపాయి, గని పోయేటియి రోజుకు వంద పాకెట్లు.

నేను పాకెట్లు అమ్ముడు మొత్తం బంద్ పెట్టలే. పెడితె పిల్లలు పక్క దుకాణానికి పోతరు, అంతే. బడి ఉన్న రోజులల్ల పొద్దుగాల కిలో పెసర్లో, బొబ్బర్లో ఉడుకవెట్టి మోదుగాకు దొప్పల అయిదు రూపాయలకు ఇస్తున్న. ఇరువై, ఇరువై అయిదు దొప్పలు అయితయి. లాభం పెద్దగ లేదు, నష్టం సుత లేదు. మొదట్ల అయిదారు దొప్పలే పోయినయి, మిగిలింది ఇంట్ల మేమే తిన్నం. ఇప్పుడు ఎనిమిదిన్నరకే గిన్నె ఖాళీ. బాపు సుత ఒక దొప్ప చేతుల పట్టుకొని కూసుంటుండు, ఏమీ అంటలేడు.

సర్కారును అడుగాలె, మనం సుత లేవాలె

ఇండ్లే అన్నీ చేసుకోవాలంటె కుదరది. తమిళనాడుల 2022 సెప్టెంబర్ 15న 1,545 బళ్లల్ల పొద్దటి నాష్టా మొదలుపెట్టిండ్రు. 2023 ఆగస్టు నుంచి రాష్ట్రంల అన్ని సర్కారు బళ్లల్ల ఒకటి నుంచి అయిదో తరగతి దాక ఇస్తున్నరు. ఉప్మా, కిచిడి, పొంగల్, కూరగాయల సాంబారు. మన కాడ సుత 2023 అక్టోబర్ 6న నాష్టా పథకం మొదలుపెట్టిండ్రు గని అన్ని బళ్లకు చేరలే. ఏ పార్టీ పెట్టింది, ఏ పార్టీ ఆపింది అని కొట్లాడుకునే ముచ్చట గాదిది. గ్రామసభల నిలబడి "మా బడి పిల్లలకు పొద్దటి బువ్వ ఎప్పుడు?" అని అడిగే ముచ్చట. సిమెంట్ రోడ్డు అడిగినట్టే ఇది సుత అడుగాలె.

గని అది వచ్చేదాక పిల్లలు ఆగరు. ఆరేండ్ల వయసు మళ్ల రాదు.

ఈ ముచ్చట ఫోన్ల చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. ముఖ్యంగ మొగ పోరగాళ్లకు. ఇంట్ల చిన్న పిల్లలు మీకు తమ్ముడో, చెల్లెనో, అన్న కొడుకో, అక్క బిడ్డనో అయితరు. అమ్మ, వదిన ఆరింటికే కూలికి పోతె, మీరు ఎనిమిదింటి దాక పండుకొని ఫోన్ చూసుకుంట లేస్తున్నరు. నేను సుత గట్లనే లేసేటోన్ని. అటుకులు కడిగి నిమ్మకాయ పిండనీకి డిగ్రీ అక్కర లేదు. గుడ్డు ఉడుకవెట్టనీకి పది నిమిషాలు. ఆ అక్క నన్ను అడిగిన పావు గంట ఇయ్యాల్సింది మనమే.

ఇప్పుడు నేను షెట్టర్ లేపకముందే మా అక్క ఇంటికి పోత. రాత్రి ఆమె నానవెట్టిన పిండిని కాచి మేనకోడలికి గ్లాసు అంబలి పోస్త. సగం తాగి ఇడుస్తది, ఇంకో సగం బతిమిలాడి తాపుత. మొన్న గ్లాసు కడుక్కుంట అడిగింది, "మామా, రేపు గుడాలు చేస్తవా?" అని. చేస్త బిడ్డా. ఇయ్యాల రాత్రికి పెసర్లు నానవోసిన.